పోలికను నమ్మని పద్మలత

ఒక ప్రోటీన్‌ను నౌకరీలోంచి తీసేసిన మనిషి ఈ దేశం మొత్తంలో ఒక్కతే, మరిపెడ కట్టయ్య బిడ్డ పద్మలత. తీసేయడమంటే మాటలు కాదు. దానికి ఆ నౌకరీ ఇచ్చింది తనే, పేరు పెట్టింది తనే, ఊరు ఊరంతా దాని గొప్ప చెప్పుకునేలా చేసిందీ తనే. చివరికి పదిమంది ముందు నిలబెట్టి, నీతో ఈ పని కాదు పో అన్నది కూడా తనే. పెద్దపెద్ద ఆఫీసర్లు ఒక గుమాస్తాను బదిలీ చేయాలన్నా వారం రోజులు ముందూ వెనకా చూస్తారు. ఈమె మాత్రం కంటికి కనబడని దాన్ని, ఎవరి సిఫారసూ వినకుండా ఇంటికి పంపింది. అప్పటి నుంచి హనుమకొండ చుట్టుపక్కల సూక్ష్మజీవులు ఆమె ల్యాబ్ ముందు నుంచి పోయేటప్పుడు తల దించుకుంటాయని చెబుతారు. వాటికి తలలెక్కడివని అడిగేవాళ్లకు కథ వినే యోగం లేదు.

పద్మలత పొద్దున హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. మధ్యాహ్నం నుంచి ఊరి చివర ఉన్న ఒక చిన్న పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ పని చేసుకుంటుంది. షేర్ ఆటోలో సగం లోపల, సగం బయట కూర్చొని కూడా పరీక్ష పేపర్లు దిద్దగలదు. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే చాలు, "ఎట్ల తెలిసింది?" అని అడుగుతుంది. కోపంగా అడగదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతుంది. కానీ వినేవాళ్లకు మండుతుంది. పెళ్లి సంబంధం తెచ్చిన మధ్యవర్తి "పిల్లగాడు బంగారం" అన్నప్పుడు కూడా ఇదే అడిగింది. ఆయన మంచినీళ్లు సగం తాగి గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఈ గుణం ఆమెకు చదువుతో రాలేదు, మేనత్త చిలుకమ్మ వల్ల వచ్చింది. పద్మలత పుట్టుకతోనే అచ్చం చిలుకమ్మ. అదే ముక్కు, అదే నుదురు, అదే నడక, ఆఖరికి తుమ్ము కూడా అదే. చిలుకమ్మ బతుకమ్మ పాట ఎత్తుకుంటే పక్క ఊరి ఆడవాళ్లు తమ బతుకమ్మలను నెత్తిన పెట్టుకొని ఇటు నడిచి వచ్చేవాళ్లు. ఒక ఏడు చిలుకమ్మకు జ్వరం వచ్చింది. "మనిషి మనిషంతా గామె పోలికే, గొంతు ఒక్కటి ఏడికి పోతది" అని ఆడవాళ్లంతా కలిసి పద్మలతను నడుమ నిలబెట్టారు. పిల్ల నోరు తెరిచింది. పాట మొదటి చరణం దాటకముందే వాగులో వదిలిన బతుకమ్మలు వాటంతట అవే మునిగిపోయాయట. జ్వరంలో ఉన్న చిలుకమ్మ దుప్పటి కప్పుకొని లేచి వచ్చి, "పోలికలన్నీ నాయే గని, గొంతు మాత్రం మా అన్నది" అంది. కట్టయ్య గొంతు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. ఆయన చేలో కేకేస్తే అడవి పందులు కూడా రావు. ఆ రోజు నుంచే పద్మలతకు ఉత్త పోలిక మీద నమ్మకం పోయింది.

ఇక అసలు సంగతి. ఒక ఏడు కట్టయ్య మిరప చేనుకు ఎండు తెగులు తగిలింది. పచ్చగా ఉన్న మొక్క పొద్దుటికి తల వాల్చేది. వేరు కోసి చూస్తే లోపల గోధుమరంగు చార, అది బూజు చేసే పని. చేనంతా వాలిపోయినా ఒక మూల మాత్రం మొక్కలు నిలబడ్డాయి. సెలవుకు వచ్చిన పద్మలత ఆ మూల మట్టిని గుప్పెడు మూటగట్టుకొని హనుమకొండ బస్సెక్కింది. ఆ మట్టిలో ఒక బ్యాక్టీరియాను పట్టింది. ఆ బ్యాక్టీరియాలో ఒక ప్రోటీన్‌ను పట్టింది.

ప్రోటీన్ అంటే పూసల దండ అనుకోండి. ఇరవై రకాల పూసలుంటాయి. ఏ పూస తర్వాత ఏ పూస వస్తుందన్న వరుసను బట్టి దండ ఒక తీరుగా ముడుచుకుంటుంది. ముడుచుకున్న తీరును బట్టి పని చేస్తుంది. కొత్త దండ దొరికినప్పుడు అది ఏం పని చేస్తుందో దాని మీద రాసి ఉండదు. కంప్యూటర్‌కు ఇస్తే, లోకంలో పోగైన దండలన్నిటి పక్కన దాన్ని పెట్టి చూసి, ఇది ఫలానా దానిలా ఉంది అని చెబుతుంది. వరుసలో అంత పోలిక ఉందంటే రెండూ ఒకే మూలపురుషుడి సంతానం. ఒకే సంతానమైతే ఆకారం ఒకటే. ఆకారం ఒకటైతే పనీ ఒకటే అయ్యుండాలి. చాలాసార్లు అలాగే అవుతుంది కూడా. ఈ లెక్కే లేకపోతే లోకంలో సగం ప్రోటీన్లు పేరు లేకుండా అనాథల్లా తిరిగేవి.

పద్మలత దండను కంప్యూటర్ చూసి, ఇది కైటినేజ్ అంది. బూజుల గోడలు కైటిన్ అనే గట్టి పదార్థంతో కట్టి ఉంటాయి. ఆ గోడను కోసే కత్తెర పేరు కైటినేజ్. పది పూసల్లో ఏడు కలిశాయి. పరిశోధన కేంద్రంలో ఆమెకు దారి చూపించే రాజేశ్వర్ రావు సారు కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన సంతోషం అంతవరకే బయటికి వస్తుంది.

రైతులు ఇంటి దగ్గర తయారు చేసుకోగలిగేదిగా ఉండాలని సారు అంటే, ఆమె ఆ బ్యాక్టీరియాను బెల్లం నీళ్లలో పెంచింది. ఆ నీళ్లు చుక్క వేసిన ప్లేటులో తెగులు బూజు దగ్గరికి రాలేదు, చుట్టూ ఖాళీ ఉంగరం మిగిలింది. పక్క ప్లేటులో ఉత్త నీళ్లు వేస్తే బూజు ప్లేటంతా పరుచుకుంది. కంప్యూటర్ చెప్పింది, ప్లేటు చెప్పింది, ఇంకేం కావాలి? పద్మలత ఆ ప్రోటీన్‌కు కైటినేజ్ అని పేరు పెట్టి, అందరూ చూసే డేటాబేస్‌లో చేర్చింది. ఆ ఒక్కసారి మాత్రం "ఎట్ల తెలిసింది" అని తనను తాను అడగలేదు.

కట్టయ్యకు ఈ కబురు అందిన సాయంత్రానికి మరిపెడ బస్టాండుకు తెలిసింది. మరుసటి పొద్దుటికి కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలకు తెలిసింది. "నా బిడ్డ బూజుకు కత్తెర కనిపెట్టింది" అనేవాడు. నెల తిరిగేసరికి ఆ కత్తెర గొడ్డలైంది. పక్క చేను వెంకట్రాజం మాటల మనిషి కాదు, చేతల మనిషి. పద్మలత ఊరికి వచ్చినప్పుడు ఇచ్చిన చిన్న సీసాలోని బ్యాక్టీరియా నీళ్లను పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, బెల్లం కలిపి, మూత పెట్టి, ఊరందరికీ పంచే ఏర్పాటు మొదలుపెట్టాడు. వానాకాలానికి మిరప నారు పోసుకునేవాళ్లంతా ఒక మాట మీదికి వచ్చారు. ఈసారి విత్తనాలకు మందు పట్టించడం లేదు, ఎత్తు మడులు కట్టడం లేదు, తెగులు వచ్చిన చేలోనే మళ్లీ మిరప పెట్టాలి, అంతా డ్రమ్ము చూసుకుంటుంది.

ఇటు హనుమకొండలో పద్మలత థీసిస్ కోసం ఒక బొమ్మ వేసుకుంటోంది. తన దండను పైన పెట్టి, నిజంగా గోడ కోస్తాయని ల్యాబుల్లో తేలిన పాత కైటినేజ్‌లను కింద వరుసగా పెట్టి, పూస కింద పూస పేర్చింది. బొమ్మ అందంగా ఉండాలని రంగులు కూడా వేసింది. రంగు వేస్తూ వేస్తూ ఒకచోట ఆగిపోయింది.

ఈ కత్తెరలన్నిటికీ కోసే చోటు ఒకటుంటుంది. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం అనే పూస ఉండి తీరాలి. కోత పెట్టేది అదే. కింద ఉన్న దండలన్నిటిలో ఆ పూస ఉంది. తన దాంట్లో ఆ కుర్చీలో దాని దాయాది కూర్చొని ఉంది, గ్లుటమిన్. చూడటానికి ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు. కానీ గ్లుటమిన్‌కు కోత పెట్టడం రాదు.

మొదట చదవడంలో తప్పు జరిగిందేమోనని వరుసను మళ్లీ చదివించింది. గ్లుటమినే. తర్వాత కంప్యూటర్ చూపించిన దగ్గరి చుట్టాలను పట్టుకుంది. ఫలానా దాన్ని కైటినేజ్ అన్నారు, ఎట్ల తెలిసింది? ఇంకోదానిలా ఉంది కాబట్టి. ఆ ఇంకోదాన్ని ఎట్ల అన్నారు? మరోదానిలా ఉంది కాబట్టి. అలా పేర్లు ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ వచ్చాయి తప్ప, దగ్గరి చుట్టాల్లో ఒక్కదాన్ని కూడా ఎవరూ బల్ల మీద పెట్టి కోయించి చూడలేదు.

రాజేశ్వర్ రావు సారు గదిలోకి వెళ్లి బొమ్మ ముందు పెట్టింది.

"ఒక్క పూసకే ఇంత కంగారా? మిగిలినవన్నీ కలుస్తున్నాయి కదమ్మా."

"కత్తెరకు పిడి ఉన్నది సార్, మర ఉన్నది. పదునే లేదు."

"ప్లేటు మీద బూజు ఆగింది. అది నువ్వు చేసిందే."

"ఆగింది. ఈ ప్రోటీనే ఆపిందని ఎట్ల తెలిసింది సార్?"

సారు కళ్లజోడు తీశాడు, కానీ తుడుచుకోలేదు. "పద్మలతా, ఆ ప్రోటీన్ తీసేస్తే నీ థీసిస్‌లో నాలుగేళ్ల పని పోతుంది. ఆలోచించుకో."

"ప్రోటీన్‌ను ఒక్కదాన్నే తీసి పరీక్ష పెడత సార్. కోస్తే మీకు మిఠాయి తెస్త."

"కోయకపోతే?"

"మరిపెడ పోత."

పరీక్షకు కైటిన్ కావాలి, కైటిన్ రొయ్య పెంకుల్లో ఉంటుంది. పద్మలత చేపల మార్కెట్‌కు పోయి, రొయ్యలు వద్దు, పెంకులు మాత్రం ఇవ్వమంది. అమ్మే ఆమె ఈమెను కిందినుంచి మీది దాకా చూసి, "ఏం కష్టమొచ్చిందో బిడ్డా" అని రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసింది. ఆ సంచితో ఆమె ఎక్కిన ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లంతా వాళ్ల స్టాపుకు ముందే దిగిపోయారు. వాసనకు ఆటో కూడా ఒక కిలోమీటరు తొందరగా చేరిందని డ్రైవర్ చెప్పుకుంటాడు. రాజేశ్వర్ రావు సారు శాకాహారి. ఆ వారమంతా ఆయన వరండాలోనే కూర్చొని అందరి థీసిస్‌లూ చదివాడు.

పెంకులను కడిగి, ఆమ్లంలో నానబెట్టి, మెత్తగా పాలలాగా చేసి ప్లేట్లలో పోసింది. ఒక మూల కొన్న కైటినేజ్ చుక్క, ఒక మూల తన ప్రోటీన్ చుక్క. మరుసటి రోజు చూస్తే, కొన్న దాని చుట్టూ ఆ తెల్లదనం కరిగి అద్దంలాగా తేటపడింది. తన దాని చుట్టూ ఏమీ లేదు. మళ్లీ పెట్టింది, ఏమీ లేదు. వేడి పెంచి, పులుపు మార్చి కూడా పెట్టింది, ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం తేలింది. ఆమె ప్రోటీన్ కైటిన్‌ను పట్టుకుంటుంది. జలగలాగా అతుక్కుంటుంది. అతుక్కొని ఊరుకుంటుంది, కోయదు.

వేరే ఎవరైనా అయితే ఆ ప్లేట్లు కడిగేసి, ఏమీ ఎరగనట్టు థీసిస్ ఇచ్చేసి, పేరు ముందు డాక్టర్ పెట్టుకునేవాళ్లు. అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. పద్మలత తండ్రికి ఫోన్ చేసింది.

"బాపు, నారు ఎప్పుడు పోత్తాన్లు?"

"మొగులు పట్టంగనే. అందరు తయారున్నరు. నీ డ్రమ్ము మీద మస్తు ఖుషీగ ఉన్నరు బిడ్డా."

"జర ఆగుమను. అది పని చేసుడు డౌట్ ఉన్నది."

కట్టయ్య, "నేను అందరికి చెప్పుకున్న గదనే" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండడం పద్మలత అదే మొదటిసారి విన్నది.

మర్నాడే ఆమె మరిపెడలో దిగింది. వెంకట్రాజం సంబరంగా డ్రమ్ము మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పున కొట్టింది. పద్మలత అక్కడే నిలబడిపోయింది.

"ఏందిది కాకా, ఇంత పులిసింది?"

"బెల్లం నీళ్లు పులవకపోతే ఏమైతయి బిడ్డా? నువ్వు చెప్పినట్టే కలిపిన. బెల్లం సుత మంచిది, కేసముద్రంల తెచ్చిన."

ల్యాబ్‌లో కూడా ఆమె ఇదే బెల్లం నీళ్లలో పెంచింది. అవి కూడా పులిసే ఉంటాయి. పోటీగా పక్క ప్లేటులో పెట్టింది మాత్రం ఉత్త నీళ్లు. బ్యాక్టీరియా లేకుండా పులిసిన బెల్లం నీళ్లు పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇంట్లో రోజూ కనిపించే బెల్లాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఆమె డ్రమ్ము నీళ్లు ఒక సీసాలో పట్టుకొని, వెంకట్రాజం దగ్గర మిగిలిన బెల్లం ముక్క అడిగి తీసుకొని తిరిగి బస్సెక్కింది. మబ్బు పట్టకముందే మూడు ప్లేట్లు డబ్బాలో పెట్టుకొని మళ్లీ దిగింది.

ఊరి రైతులు కూడే రైతు వేదిక హాల్లో జనం నిండారు. కట్టయ్య ముందు వరుసలో కూర్చున్నాడు, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ. పద్మలత ప్లేట్లు బల్ల మీద పెట్టి అందరినీ దగ్గరికి రమ్మంది.

"దీంట్ల ఉత్త నీళ్లు పోసిన. బూజు అంతట పాకింది. దీంట్ల మన డ్రమ్ము నీళ్లు పోసిన, బూజు ఆగింది. ఈ మూడోదాంట్ల ఉత్త బెల్లం నీళ్లు పులవబెట్టి పోసిన. నా పురుగు లేదు, నా ప్రోటీన్ లేదు. చూడున్లి."

చూశారు. రెండోదీ మూడోదీ ఒక్కలాగే ఉన్నాయి.

"అంటే బెల్లమే మందన్నట్టా?" వెనక నుంచి ఒకరు అడిగారు.

"కాదు. చిన్న ప్లేటు కాబట్టి పులుపుకు బూజు ఆగింది. చేన్ల పోస్తే ఆ పులుపు మట్టిల కలిసి పోతది, తెగులు ఆగది. విత్తనాలకు మందు పట్టియ్యున్లి. మడులు ఎత్తుగ కట్టున్లి. పోయినేడు ఎండిన చేన్ల మిరప పెట్టకున్లి."

వెంకట్రాజం లేచాడు. "మరి కంప్యూటర్ల పేరు వచ్చిందంటివి గదా బిడ్డా. పది పూసల ఏడు కలిసినయంటివి."

"కలిసినయి కాకా. పోలిక చూసి ఇల్లు ఏదో చెప్పచ్చు. ఇంట్ల మనిషి ఉన్నడో లేడో తలుపు కొట్టి చూడాలె. నేను తలుపు కొట్టకుండనే ఉన్నడని మీకు చెప్పిన. తప్పు నాది."

కట్టయ్య తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. ఇన్ని నెలలు బస్టాండులో, యార్డులో, పెళ్లిళ్లలో బిడ్డ గురించి చెప్పిన గొప్పలన్నీ ఆయన ముఖం మీద ఒకదాని తర్వాత ఒకటి దిగిపోయాయి. చివరికి లేచి, అందరి వైపు తిరిగి, "నా బిడ్డ చెప్పింది ఇన్నరు గదా. రేపు పొద్దుగాల మందు తెచ్చుకుందాం, ఎవరెవరు వత్తరు?" అన్నాడు. చేతులు ఒకటొకటిగా లేచాయి. వెంకట్రాజం మాత్రం, "డ్రమ్ము నిండ చేసిన, పారబోత్తనా? ఒక్క మడికి నేను అదే పోసుకుంట" అన్నాడు. పద్మలత వద్దనలేదు. ఆ మడి పక్కనే ఇంకో మడిని ఏమీ పోయకుండా ఉంచమంది, పోల్చి చూడటానికి.

హనుమకొండకు తిరిగి వెళ్లి ఆమె చేసిన మొదటి పని డేటాబేస్‌కు రాయడం. ఆ ప్రోటీన్‌కు నేను పెట్టిన పేరు తప్పు, కైటిన్‌ను పట్టుకుంటుంది కానీ కోయదు, మార్చండి అని. ఎందుకంత తొందర అని సారు అడిగితే, "రేపు ఎవరో ఒకరు నా దాన్ని చూసి ఇంకోదానికి ఆ పేరు పెడతరు సార్. వాళ్ల ఊర్ల సుత ఒక డ్రమ్ము ఉంటది" అంది. ఆ రోజు రాజేశ్వర్ రావు సారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. థీసిస్‌లో నాలుగేళ్ల పని పోతుందని మళ్లీ అనలేదు. ఆ అధ్యాయాన్ని పేరు మార్చి, కోయని కత్తెర కథగానే రాయమన్నాడు. ఇప్పుడు ఆ అధ్యాయాన్నే అందరూ అడిగి తీసుకొని చదువుతున్నారు. ఆ మూల మొక్కలు తెగులుకు ఎందుకు నిలబడ్డాయో ఇంకా తేలలేదు. ఆమె వెతుకుతూనే ఉంది.

వానలు పడ్డాయి, మిరప పెరిగింది, కోతకు వచ్చింది. కట్టయ్య కాయ యార్డుకు తెచ్చిన రోజు పద్మలత కూడా వెంట వచ్చింది. ఆయనలో పాత గొంతు తిరిగి లేచింది. బస్తాల మీద కూర్చొని, చుట్టూ మూగినవాళ్లకు చెబుతున్నాడు. తన బిడ్డ పూసల దండను అలా చేతిలోకి తీసుకొని, ఒక్క పూస తడిమి, ఇది దొంగదని పట్టేసిందట. మూడు ప్లేట్లు చూపించి మండలం మండలం మిరపనంతా కాపాడిందట. తెగులు ఆమెను చూసి ఖమ్మం జిల్లా దాటి పారిపోయిందట. వినేవాళ్లు నోళ్లు తెరిచి పద్మలత వైపు తిరిగారు. ఆమె చున్నీతో మిరప ఘాటుకు ముక్కు మూసుకొని ఉంది. చున్నీ తీసి చెప్పింది:

"ఏం కాపాడలే. నా ప్రోటీన్ పని చేయదని చెప్పిన, అంతే. తెగులు ఏడికి పోలేదు, మా చేన్ల సుత మూలకు కొన్ని మొక్కలు ఎండినయి. వెంకట్రాజం కాక డ్రమ్ము నీళ్లు పోసిన మడి, ఏం పోయని మడి, రెండూ ఒక్క తీరుగనే ఎండినయి."